ముందు రోగాలు, తర్వాత రేటు

పోయిన నెల ఎల్పీ రికార్డులు వాయించే నా టర్న్‌టేబుల్ అమ్మకానికి పెడుతూ రాసిన ప్రకటన ఇది:

"థోరెన్స్ టీడీ 160. అమెరికాలో అమ్మిన మోడల్, 110 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు పోతుంది. పైమూతకు ఎడమ పక్క జానెడు బీట. ముందు చెక్కకు ఒక మూల పొర లేచింది. మోటారు పుల్లీ కంపెనీది కాదు, బాలానగర్‌లో లేత్ మీద చేయించినది. అసలు అట్టపెట్టె లేదు. సూది దాదాపు సగం అయిపోయింది. ఇవన్నీ ఒప్పుకుంటే 38,000."

ఆఫీసులో నా పక్క సీటాయన చదివి, "ఇది అమ్మడానికి రాశారా, కొనొద్దని బెదిరించడానికి రాశారా?" అన్నాడు. "అబ్బాయికి బట్టతల, అప్పులు, మధ్యాహ్నం దాకా నిద్ర అని మొదలుపెడితే సంబంధం కుదురుతుందా సార్?" అని కూడా అన్నాడు.

కుదురుతుంది. కాకపోతే ఒక్కటే వస్తుంది.

నేను మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంటెంట్‌ని. మల్కాజ్‌గిరిలో రెండు పడగ్గదుల ఫ్లాట్. పదిహేనేళ్ళలో పాత ఆడియో సామాన్లు పదమూడు కొన్నాను, ఈ థోరెన్స్‌కు ముందు తొమ్మిది అమ్మాను. వృత్తి దోషం కాబట్టి ప్రతిదానికీ పుస్తకంలో లెక్కుంది. కొన్నది, బాగు చేయించింది, ఆటో చార్జీలు, అమ్మింది అన్నీ తీస్తే నికరంగా 14,600 రూపాయలు నష్టం. నెలకు పంచితే ఎనభై ఒక్క రూపాయి. ఈ అంకె మా ఆవిడకు చూపించి, ఇంత చవకైన వ్యసనం మన అపార్ట్‌మెంటులో ఇంకెవరికైనా ఉందా అని అడిగాను. పుస్తకంలో జాగా ఎంత ఆక్రమించాయో కూడా రాశావా అంది. రాయలేదు.

థోరెన్స్ అమ్మడానికి కారణం ఆ జాగానే. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చాడు, వాడికి బల్ల కావాలి. ఇంట్లో టర్న్‌టేబుళ్ళు రెండు ఉన్నాయి, వాటిలో ఒకటి పోవాలని తీర్పు వచ్చింది. ఏది అన్నది మాత్రం నా ఇష్టానికి వదిలారు.

ఇలాంటివి కోఠీలో అడిగితే గంటలో డబ్బు చేతిలో పడుతుంది. గుజరాతీ గల్లీలో ఒక షాపులో ఫొటోలు చూపించాను. ఆయన ఫోన్ తిప్పి చూసి, నాలుగు వేలు అన్నాడు. అదీ నా మొహం చూసి. ఆయన తప్పేం లేదు. ఆయన దగ్గరకు వచ్చేవాళ్ళు స్పీకర్లు, వైర్లు, మైకులు కొంటారు. దీని కోసం వచ్చేవాడు ఏడాదికి ఒకడు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పైరేకు లేని యాంప్లిఫయర్లు ఎండలో పడి ఉండటం చూశాను. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంత రాగి ఉందన్నదే రేటు.

ఇక ఫోన్‌లో ఉచిత ప్రకటనల యాప్‌లు. నా దగ్గర నాడ్ 3020 అనే యాంప్లిఫయర్ ఉంది. 1978లో వచ్చింది. నార్వే ఇంజనీరు ఎరిక్ ఎడ్వర్డ్‌సన్ గీసిన డిజైను. ముందు పలక ప్లాస్టిక్, చూడటానికి స్కూలు ప్రాజెక్టులా ఉంటుంది. చానల్‌కు, అంటే ఒక్కో స్పీకరుకు, 20 వాట్లు అని రాశారు గానీ, తనకంటే మూడింతల ధర ఉన్న స్పీకర్లను కూడా లాగేస్తుంది. డబ్బు అవసరమై ఒకసారి దాన్ని అమ్మకానికి పెడితే మొదటి ఫోన్ ఇలా నడిచింది.

"అన్నా, ఎన్ని వాట్స్?"

"ఇరవై."

"ఇరవై వందలా?"

"ఇరవై. రెండు పదులు."

"నా బ్లూటూత్ బాక్సే మూడు వేలన్నా!"

తొంభైల్లో టూ-ఇన్-వన్‌ల మీద పీఎంపీఓ అని పెద్దపెద్ద అంకెలు వేసేవాళ్ళు గుర్తుందా? సెకనులో ఎన్నో వంతు, అదీ అన్ని స్పీకర్లవీ కలిపి, ఇంకా ఏవేవో కలిపి చెప్పే అంకె. ఆ అబద్ధం వయసు ముప్ఫై ఏళ్ళు, ఇంకా బతికే ఉంది. నాడ్‌ను ఆ రోజే ప్రకటనలోంచి తీసేశాను. ఇప్పటికీ అమ్మలేదు.

అందుకే ఇవి తోటి పిచ్చివాళ్ళకే అమ్ముతాను. కానీ వాళ్ళకు అమ్మడంలో ఒక చిక్కుంది, వాళ్ళకు చెవులు ఉంటాయి. అది నాకు 2017 డిసెంబరులో తెలిసింది.

అప్పుడు నా దగ్గర ఒక జపాన్ యాంప్లిఫయర్ ఉండేది. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు దానిది కాదు. దానికో రోగం ఉంది. వాల్యూమ్ బాగా తగ్గించి పెడితే కాసేపటికి ఎడమ చానల్ మెల్లగా ఆగిపోయేది. నాబ్ కాస్త పెంచితే మళ్ళీ వచ్చేది. హనుమకొండ నుంచి ఒక కుర్రాడు కొంటానన్నాడు. ఉప్పల్‌లో బస్సు దిగి, అక్కడి నుంచి ఆటోలో వచ్చాడు. నేను డెమో పెట్టాను. గట్టిగా పెట్టాను. కింద ఫ్లాటు ఆంటీ బాల్కనీలోకి వచ్చి పైకి చూసేంత గట్టిగా. గంట సేపు ఎడమ చానల్ నిక్షేపంగా పాడింది. కుర్రాడు ఆనందంగా 16,000 ఇచ్చి, యాంప్లిఫయర్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు.

మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్.

"అన్నా, పండుకున్నవా? ఏం లేదు, పాప పండుకున్నంక చిన్నగ పెట్టుకుంట నేను. ఎడమ దిక్కు సప్పుడు బంద్ అయితాంది. పెంచితే మళ్ళ వస్తాంది. నీకాడ ఉన్నప్పుడు గిట్లనే ఉండెనా?"

నేను అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "లేదే తమ్ముడూ, బస్సు కుదుపుకి లోపల ఏదైనా కదిలిందేమో."

అతను రెండు క్షణాలు ఆగి, "అయ్యుంటది అన్నా. నేనే మంచిగ పట్టుకోలేదు కావచ్చు" అన్నాడు.

తిట్టి ఉంటే నిద్ర పట్టేది.

ఆ రోగం ఏమిటో నాకు బాగా తెలుసు. యాంప్లిఫయర్ ఆన్ చేశాక మూడు నాలుగు సెకన్లకు లోపల "టక్" అని వినిపిస్తుంది చూడండి, అది స్పీకర్ రిలే. ఆన్ చేసినప్పుడు వచ్చే దెబ్బ స్పీకర్లకు తగలకుండా, లోపల ఏదైనా కాలి డీసీ కరెంటు బయటికొస్తే స్పీకర్ల కాయిల్స్ మాడిపోకుండా కాపలా కాసేది అదే. ఏళ్ళు గడిచేకొద్దీ దాని లోపలి కాంటాక్టులు నల్లబడతాయి. ఆ పొర పల్చనిది. పెద్ద సిగ్నల్ దాన్ని చీల్చుకుని పోతుంది, చిన్న సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. అందుకే రోగం రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక మాత్రమే కనబడుతుంది. మందు 24 వోల్టుల కొత్త రిలే. నేను కోఠీలో కొన్నది 140 రూపాయలు.

నూట నలభై. ముందే మార్చి ఉండొచ్చు. లేదా రోగం చెప్పి వెయ్యి తగ్గించి ఉండొచ్చు. అది విన్న వెంటనే "రిలేనా? ఓస్ అంతేనా" అనే వాళ్ళే ఈ లోకంలో ఎక్కువ. నేను దాచినది పెద్ద రోగమేమీ కాదు, అదే ఎక్కువ సిగ్గు.

ఆదివారం సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని హనుమకొండ వెళ్ళాను. వాళ్ళింట్లో కింద చాప మీద కూర్చుని పైరేకు విప్పి, పాత రిలే పీకి కొత్తది వేశాను. వాళ్ళ పాప పక్కనే కూర్చుని స్క్రూలు లెక్కపెట్టింది, పదమూడు. పని అయ్యాక అతను చాయ్ ఇచ్చి, గ్లాసు చేతిలో పెడుతూ మెల్లగా అన్నాడు: "డెమోల గంత సౌండ్ ఎందుకు పెట్టినవో నాకు ఫోన్ చేసిన్నాడే ఎరుకైంది అన్నా."

ఇప్పటికీ పండక్కి మెసేజ్ పెడతాడు. కానీ ఆ తర్వాత నా దగ్గర ఏదీ కొనలేదు. రెండుసార్లు నేనే అడిగాను. చూద్దామన్నా అన్నాడు.

ప్రకటన రోగాలతో మొదలుపెట్టడం అప్పటి నుంచి. ఫొటోలు కూడా ముందు పలకవి రెండు, వెనక పలకవి ఆరు తీస్తాను. దుమ్ము తుడిచి వెలుతురు చూసి తీసిన ముందు పలక ఎవరిదైనా అందంగానే ఉంటుంది. కథ వెనక ఉంటుంది. టెర్మినళ్ళ తుప్పు, కోసి అతికించిన కరెంటు వైరు, సీరియల్ నంబరు చెక్కేసిన చోటు. ఇంకో మాట, ఎవరి ప్రకటన చూసినా సూది "యాభై గంటలే వాడాం" అని ఉంటుంది. ఈ దేశంలో యాభై ఒకటో గంట వాయించిన సూది లేదు. నేను ఎల్పీ ఒక వైపు వేసినప్పుడల్లా పుస్తకంలో ఒక గీత పెడతాను. వైపుకు ఇరవై నిమిషాలు వేసుకుంటే థోరెన్స్‌కు ఉన్న ఆడియో-టెక్నికా సూది 1,140 వైపులు, అంటే 380 గంటలు. మామూలు సూదికి ఐదొందల నుంచి వెయ్యి గంటలు అంటారు. నేను మధ్యన లెక్క వేసి సగం అయిపోయింది అని రాశాను.

థోరెన్స్ కథ కూడా చెప్పాలి, లేకపోతే పుల్లీ సంగతి అర్థం కాదు. 2014లో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా బావమరిది, వాళ్ళ వీధిలో గరాజ్ సేల్‌లో అరవై డాలర్లకు కొన్నాడు. దాని ప్లాటర్, అంటే రికార్డు పెట్టే పళ్ళెం, మూడు కిలోల బరువు. దాన్ని విడిగా చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కబోతే సెక్యూరిటీ వాళ్ళు తీసి, తట్టి, మళ్ళీ స్కానర్లో పెట్టారట. "ఇంకోసారి ఏదైనా అడిగితే దాన్ని అక్కడే వదిలేస్తా బావా" అన్నాడు. ఎలాగో తెచ్చాడు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, 230 ఇటు, 110 అటు. ఘంటసాల రికార్డు పెట్టాను.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఘంటసాలకి జలుబు చేసిందేమిట్రా?" అంది.

నిజమే. గొంతు మూడు స్వరస్థానాలు దిగిపోయింది. సుశీల పాట పెడితే ఎవరో మగాయన సన్నగా పాడుతున్నట్టుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. ఈ మోటారు ఆ ఊపును బట్టే తిరుగుతుంది. ఆరింటికి ఐదు, అంటే ఆరో వంతు నెమ్మది. "కన్వర్టర్‌తో బాగా నడుస్తుంది" అని రాసి అమ్మే అమెరికా టర్న్‌టేబుళ్ళు చాలా చూశాను. నడుస్తుంది, జలుబుతో. బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ మోడళ్ళకు ఈ బాధ లేదు, వాటికి వోల్టేజీ సరిపోతే చాలు.

నా దాంట్లో మోటారు మీది పుల్లీ బెల్టుతో ప్లాటర్‌ను తిప్పుతుంది, కాబట్టి దీనికి విరుగుడు పుల్లీని ఇరవై శాతం లావు చేయడం. బాలానగర్‌లో ఒక లేత్ మేస్త్రీ దగ్గరకు పాత పుల్లీ పట్టుకెళ్ళి, దీనికి ఒకటీ పాయింట్ రెండు రెట్లు, ఇత్తడిలో, అన్నాను. చేశాడు. ఇంటికొచ్చి చూస్తే ఇంకా ఒక శాతం నెమ్మది. రెండు రోజులు తల పట్టుకుని కూర్చుంటే తట్టింది, బెల్టు మందం లెక్కలో వేయలేదు. ప్లాటర్‌ను లాగేది పుల్లీ ఒక్కటే కాదు, దాని మీద ఉన్న రబ్బరు మందంతో కలిపి. మళ్ళీ వెళ్ళాను. మేస్త్రీ నవ్వి, కాగితం మీద వెంట్రుక మందం పెంచి రాసుకుని, రెండోది చేశాడు. రెండూ కలిపి ఐదొందలు. కొత్తది సరిగ్గా కూర్చుంది. అమ్మకు ఘంటసాల తిరిగొచ్చాడు.

సరే, ఈ ప్రకటన పెట్టిన రాత్రి నాలుగు ఫోన్లు.

మొదటి ఆయన హలో కూడా అనలేదు. "లాస్ట్ ఎంత?" రెండో ఆయన ఆర్మీ అన్నాడు, ట్రాన్స్‌ఫర్ అయ్యిందన్నాడు, అర్జెంటన్నాడు. వస్తువు చూడకుండానే డబ్బు పంపిస్తాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోవడమే. ఈ సంగతి తెలిసీ టెన్షన్‌లో నొక్కేసినవాళ్ళు నాకు తెలుసు, అందుకే రాస్తున్నా. మూడో ఆయన విజయవాడ డాక్టరు. పద్ధతిగా మాట్లాడారు, బేరం కూడా లేదు, పార్సిల్లో పంపమన్నారు. నేనే వద్దన్నాను. ఒకసారి స్పీకర్లు తిరుపతికి పంపించి దెబ్బ తిన్నాను. మూడు భాషల్లో "జాగ్రత్త" అని రాస్తే మూడు భాషల్లోనూ ఎవరూ చదవలేదు, ఒక మూల పచ్చడై చేరింది, 2,500 వెనక్కిచ్చాను. ఈ థోరెన్స్ ఇంకా ప్రమాదం. లోపలి చట్రం మూడు స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ప్లాటర్‌తో సహా పెట్టెలో పెట్టి లారీ ఎక్కిస్తే ఆ ప్లాటరే సుత్తి అవుతుంది. పైగా దీనికి పెట్టె లేదు. వచ్చినప్పటి గట్టి అట్టపెట్టెలో మా అమ్మ ఆవకాయ జాడీ పెట్టి తెనాలి పంపించింది. ఆ జాడీ మాత్రం భద్రంగా చేరింది.

నాలుగో ఫోన్ రాజమండ్రి నుంచి.

"ఆయ్, పుల్లీ చేయించానన్నారు గదండీ. బెల్టు మందం కలిపి లెక్క వేశారా, కలపకుండా వేశారా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఇక ఇది ఈయనకే అనుకున్నాను.

శనివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి ఆదివారం పొద్దున్న వచ్చారు. అరవై ఆరేళ్ళు. రైల్వేలో సిగ్నల్ అండ్ టెలికం విభాగంలో చేసి రిటైరయ్యారట. ఒక చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలో తువ్వాలులో చుట్టిన ఎల్పీ, మట్టం చూసే బుడగ గొట్టం, సూది రికార్డు మీద మోపే బరువు తూచే చిన్న త్రాసు, వేగం చూసే గుండ్రటి స్ట్రోబ్ అట్ట. మా ఆవిడ పెట్టిన ఉప్మా తిని, చేతులు కడుక్కుని, ఇంకోసారి కడుక్కుని, పనిలోకి దిగారు. నలభై నిమిషాలు సంగీతం ఊసే లేదు. ప్లాటర్ ఎత్తి ఇరుసు కింద వేలు పెట్టి నూనె రంగు చూశారు. తూకం వేస్తే సూది బరువు రెండు గ్రాములు చూపించింది, తల ఊపారు. బీట మీద గోరు నడిపి, "జానెడు కాదండి, జానెడుకి తక్కువే" అన్నారు. నా తప్పు నాకు అనుకూలంగా దిద్దిన కొనుగోలుదారుణ్ణి అదే మొదటిసారి చూడటం.

స్ట్రోబ్ అట్ట దగ్గర చిక్కొచ్చింది. మన 50 సైకిళ్ళ కరెంటు దీపం సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. నిమిషానికి 33⅓ చుట్ల ఎల్పీ వేగానికి అట్ట మీద 180 గీతలు ఉంటాయి. వేగం సరిగ్గా ఉంటే ఆ మినుకుల్లో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. కానీ మా ఇంట్లో అన్నీ ఎల్ఈడీలే, అవి ఆ పనికి రావు. ఫోన్ టార్చి అంతకన్నా పనికిరాదు. చివరికి ఆయనకే దేవుడి గది కనిపించింది. అక్కడ మా అమ్మ ఎర్ర జీరో బల్బు, పాతకాలం ఫిలమెంటుది. అమ్మ ససేమిరా అంది. రైల్వే ఆయన చేతులు జోడించి "ఐదు నిమిషాలండీ అమ్మా" అంటే, పూజ ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి సరే అంది. ఎక్స్‌టెన్షన్ వైరుకు బల్బు తగిలించి, కర్టెన్లు మూసి, ప్లాటర్ మీద ఎర్ర వెలుతురు పట్టుకున్నాం. మసకగా అయినా గీతలు నిలబడ్డాయి.

"నిలబడ్డాయండి. కానీ ఇది సగం నిజమే" అన్నారు ఆయన. "మోటారూ, బల్బూ ఒకే కరెంటు తాగుతున్నాయి. గ్రిడ్ ఊగితే రెండూ కలిసి ఊగుతాయి, గీతలు మాత్రం నిలబడే ఉంటాయి. తొంభైల్లో మన దక్షిణాది గ్రిడ్ 48కి పడిపోయేదండి. అప్పట్లో ఇలాంటి ప్లేయరు ఉన్న ప్రతి ఇంట్లో పాట నాలుగు శాతం నెమ్మది. ఎవరికీ తెలీదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనల్ని మిగతా దేశానికి కట్టారు చూడండి, ఇప్పుడు చాలా నయం." ఆ తేదీ తన పెళ్ళిరోజులా చెప్పారు. ఇంకేదో చూద్దామని అట్ట తిప్పబోతుండగా మా అమ్మ బల్బు కోసం చెయ్యి చాపింది. ఐదు నిమిషాలు అయిపోయాయి.

అప్పుడు తువ్వాలు విప్పారు. ఈమని శంకరశాస్త్రిగారి వీణ. వాళ్ళావిడ వీణ నేర్పుతారట. పాట ఏదో చూసి కాదు, వీణ మీటు సాగదీసి పూర్తిగా ఆగేదాకా వినడానికి తెచ్చానన్నారు. వేగం నిలకడ లేకపోతే ఆ సాగిన నాదం చివర వణుకుతుంది, దాన్ని దాచడం ఎవరి తరం కాదు. నేను వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి వేసి, ఎందుకో కావాలనే చాలా తగ్గించి పెట్టాను. ఆయన ఒకసారి నా వైపు చూసి కళ్ళు మూసుకున్నారు. పక్కింటి కుక్కరు మూడు విజిల్స్ వేసింది, అది కూడా విన్నాం. పదేళ్ళు నా దగ్గర ఉన్న యంత్రం. అది అంత నిశ్శబ్దంగా తిరుగుతుందని ఆ రోజే గమనించాను. అమ్మొద్దు అని నోటిదాకా వచ్చింది. మా అబ్బాయి గుమ్మంలో టేపు పట్టుకుని బల్ల కొలతలు చూస్తున్నాడు.

బేరం ఇలా జరిగింది. "బేరం ఆడనండి. సూది సగం అన్నారు కాబట్టి కొత్త సూదికి రెండు వేలు తగ్గించుకోండి. మీ గీతల పుస్తకం ఒకసారి చూపిస్తే, అది కూడా తగ్గించక్కర్లేదు." పుస్తకం చూపించాను. పేజీలు తిప్పి, ఐదేసి గీతల కట్టలు చూసి, పెద్దగా నవ్వి 38,000 ఇవ్వబోయారు. నేనే రెండు వేలు వెనక్కిచ్చాను. వెళ్ళే ముందు నాడ్ యాంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పి, అక్కడ ప్రీ-అవుట్ సాకెట్లనూ మెయిన్-ఇన్ సాకెట్లనూ కలిపే యూ ఆకారపు కమ్ములు రెండూ ఉన్నాయా అని చూశారు. చాలామంది వాటిని పారేసుకుంటారు, తర్వాత సౌండ్ రావట్లేదని మెకానిక్ చుట్టూ తిరుగుతారు. "ఇది అమ్మరా?" "అమ్మనండి." లోపలి నుంచి మా ఆవిడ దగ్గు వినిపించింది.

సాయంత్రం గోదావరికి సికింద్రాబాద్ స్టేషన్ దాకా నేనే దింపాను. ఇంట్లోనే ప్లాటర్ తీసేసి, స్ప్రింగులు కదలకుండా రవాణా స్క్రూలు మూడూ బిగించి, సూది ఉండే ఆర్మ్‌ను దారంతో కట్టి, వెనక బరువు విప్పి సాక్సులో పెట్టాం. డొక్కును రెండు దుప్పట్లలో చుట్టి పై బెర్తు మీద పెట్టుకున్నారు. ప్లాటర్ సంచి చూపించి, "ఇది తలకింద పెట్టుకుంటానండి" అన్నారు.

నా పుస్తకంలో పదో అమ్మకం రాసి గీత కొట్టేశాను. నష్టం కాస్తా లాభంలోకి తిరిగింది.

తొమ్మిది రోజుల తర్వాత, మొన్న గురువారం, ఆయన ఫోన్. క్షేమ సమాచారాలు అయ్యాక, "ఒక్క చిన్న విషయమండి, ఏమీ అనుకోవద్దు. మా ఆవిడవి పాత ఈపీలు ఉన్నాయి, 45 చుట్ల చిన్న రికార్డులు. అవి కొంచెం దిగి వినిపిస్తున్నాయంది. అట్ట పెట్టి చూస్తే నిజమే, వందకు ఒకటి తక్కువ. 33 మీద మాత్రం రాయిలా ఉందండి. మీకు తెలుసా ఇది?"

హనుమకొండ కుర్రాడు అడిగిన ప్రశ్నే. ఈసారి నాకు నిజంగా తెలియదు. నా దగ్గర ఒక్క ఈపీ కూడా లేదు. పుల్లీకి రెండు మెట్లుంటాయి, 33కి ఒకటి, 45కి ఒకటి. రెండోసారి మేస్త్రీ దగ్గరకు వెళ్ళినప్పుడు నేను బెల్టు మందం కలిపింది 33 మెట్టుకే. రెండో మెట్టు గుర్తే రాలేదు. పదేళ్ళూ అది అలా తప్పుగానే తిరిగింది, నేను ఎప్పుడూ బెల్టు అటు మార్చలేదు.

"తెలియదండి" అన్నాను. అన్నాక, ఇది కూడా అబద్ధంలా వినిపించిందేమో అని భయమేసింది.

"తెలియదనే అనుకున్నానండి" అన్నారు. "తెలిస్తే పుల్లీ గురించి రాసిన లైను పక్కన అదీ రాసేవారు."

కంపెనీ వాళ్ళ పాత పుల్లీ ఆయనకు ఇవ్వడం కూడా మరిచిపోయాను. బల్ల సొరుగంతా వెతికితే కెమెరా రీలు డబ్బాలో దొరికింది. బాలానగర్ మేస్త్రీకి ఫోన్ చేశాను, ఆదివారం సగం పూట తీస్తాడట. పాతది కూడా పట్టుకు రమ్మన్నాడు, ఈసారి రెండు మెట్లకూ కొలత తీస్తానని.